సైలెన్సర్ మేస్త్రీ

పోయిన నెల మా నాన్న మొట్టమొదటిసారి నా షాపుకొచ్చాడు. బండ్లకి సైలెన్సర్లు బిగించే షాపు, పెట్టి పదకొండేళ్లయింది. హోప్ టౌన్‌లోని మా ఇంటి నుంచి పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్‌లో ఉన్న నా షాపుకి రావాలంటే ఒక ఫెర్రీ, ఒక ఆటో, అంతా కలిపి గంట పని. ఆ గంట ఆయనకి పదకొండేళ్లలో దొరకలేదు.

చేతిలో గోనెసంచి ఉంది. అందులోంచి ఒక సైలెన్సర్ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన డుంగీది. మా దీవుల్లో చేపలవాళ్ల చిన్న ఇంజిన్ పడవని డుంగీ అంటాం. సైలెన్సర్ నిండా తుప్పు, అడుగున నాలుగు వేళ్లు దూరేంత చిల్లు.

"కొత్తది కట్టాల. ఆదివారానికి అవుద్దా?" అన్నాడు.

"ఎందుకవదు నాన్నా, రేపే ఇచ్చేస్తాను" అన్నాను. నా గొంతులో ఉత్సాహం నాకే వినబడింది. పదకొండేళ్లుగా నేను ఎదురుచూస్తున్న గిరాకీ ఇది.

ఆయన స్టూలు మీద కూర్చుని, గోడలకి వేలాడే మెరుపు పైపులన్నిటినీ ఒకసారి చూసి, "మేస్త్రీ లేడు కదా. అందుకని నీకాడికి తెచ్చినాను" అన్నాడు.

నేను చెన్నైలో మెకానిక్ కోర్సు చేసి వచ్చి, షాపు తెరిచిన కొత్తల్లో, నాన్నా నీ డుంగీకి నేను కడతాను సైలెన్సర్ అని అడిగితే, ఆయన అన్న మాట "ఎందుకురా, మేస్త్రీ ఉన్నాడు కదా" అని. ఉన్నప్పుడు ఉన్నాడని, పోయాక లేడని. రెండుసార్లూ మాట మేస్త్రీ గురించే. చచ్చిపోయాక కూడా ఆ మనిషి నా షాపులోకి మా నాన్న చెయ్యి పట్టుకుని మరీ వచ్చాడు.

మేస్త్రీకి ఒక పేరు ఉండే ఉంటుంది, చర్చి రిజిస్టర్లో. నేనెప్పుడూ వినలేదు. హోప్ టౌన్‌లో అందరికీ ఆయన సైలెన్సర్ మేస్త్రీ, హిందీవాళ్లకి మిస్త్రీజీ. ఒడ్డుకి ఆనుకుని రేకుల షెడ్డు. బోర్డు లేదు. నా షాపుకి మూడు భాషల్లో బోర్డుంది, రాత్రిపూట వెలుగుతుంది. నాకు దారి చెప్పేవాళ్లు మాత్రం "మిస్త్రీజీ ఊరి కుర్రాడి షాపు ఎక్కడని అడగండి" అని చెప్పేవారు.

వెల్డింగు చేసేటప్పుడు, గ్రైండర్ పట్టేటప్పుడు రెండు చెవుల్లోనూ దూది పెట్టుకునేవాడు. మనం వెళ్లి మన గోడంతా వెళ్లబోసుకుంటూ ఉంటే తల ఊపుతూ పని చేసుకునేవాడు. పనయ్యాక ఆ దూది ఉండలు రెండూ తీసి, చిన్న కాగితంలో పొట్లం కట్టి, చొక్కా జేబులో వేసుకుని, "ఆఁ, ఇప్పుడు చెప్పు" అనేవాడు. మొదట్నుంచీ మళ్లీ చెప్పాలి. పెద్ద ఆఫీసర్లు కూడా మళ్లీ చెప్పడం నేను చూశాను. నా షాపులో అలా చేస్తే గిరాకీ మెట్లు దిగిపోతుంది. ఆయన దగ్గర నిలబడేవాళ్లు.

పైపుని పానాతో ఒక్క దెబ్బ కొట్టి, చెవి పక్కన పెట్టుకుని, మూసిన నోటితోనే ఆ శ్రుతి తీసేవాడు. అక్కడి తెలుగు చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఆయనే. మాది ఆ చర్చి కాదు, అయినా పెళ్లిళ్లకి వెళ్లి విన్నాను. బాగా కిందికి ఎత్తుకునేవాడు. మంచి గొంతు, పైకి పాడగలడు, పాడడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఎనక బెంచీలో ముసలమ్మలకి అందాల గదా బాబూ. నాకొక్కడికీ అందితే ఏటి లాభం?" అన్నాడు.

పొగుడుకోవడానికి వచ్చిన అవకాశాన్ని ఇలా వదిలేసే మనుషులంటే నాకు ఒళ్లు మంట. నేనైతే వదలను. నా గొంతు బాగుంటే ఊరంతా వినాలి.

జీవితమంతా ఇంజిన్ల చప్పుడు సరిచేసిన ఆయన తిరిగింది సైకిల్ మీద. దానికి బెల్లు కూడా లేదు. షెడ్డు నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు పక్కనుంచి పోయినా తెలిసేది కాదు.

ఇంకో అలవాటు. ఎవరు ఏ సైలెన్సర్ పట్టుకొచ్చినా, దూది తీశాక ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇంటికాడ ఎవరున్నారు?" ఇంజిన్ ఎన్ని గుర్రాలది, ఎంత పాతది, ఇవన్నీ తర్వాత. నేను దాన్ని పలకరింపు అనుకునేవాణ్ని. ముసలివాళ్లు కదా, బాగున్నారా అనే బదులు అలా అంటున్నాడనుకున్నాను. ఏళ్ల తరబడి ఆయన వృత్తి రహస్యం నా చెవిన పడుతూనే ఉంది. నేను మాత్రం ఆయన చెవుల్ని చూసి కుళ్లుకుంటూ కూర్చున్నాను.

కుళ్లు అని ఊరికే అనడం లేదు. మా ఇంటి సంగతి చెబితే మీకే అర్థమవుతుంది. మా వరసలో పద్నాలుగు డుంగీలున్నాయి. ఒక్కోదానిదీ ఒక్కో గొంతు. మధ్యాహ్నం మూడింటికి వరసగా ఒడ్డుకొస్తుంటాయి. ఏ ఇంటి ఆడవాళ్లకి ఆ ఇంటి డుంగీ తెలుసు. నాన్నది జెట్టీ మలుపు తిరిగిందంటే, అది ఇంకా కంటికి కనబడకముందే, అమ్మ చేస్తున్న పని ఆపి లేచి టీ పెట్టేది. పడవ లాగి, వల దులిపి, నాన్న మెట్లెక్కేసరికి టీ గ్లాసులో ఉండేది. ఒక్కరోజు తప్పలేదు. ఆ స్టవ్ నేను కొన్నది. టీపొడి నేను తెచ్చేది. టీ పొయ్యి మీదికెక్కేది మాత్రం మేస్త్రీ కట్టిన పైపు మాట మీద. సెలవురోజు ఇంటికెళ్లి కూర్చున్నప్పుడల్లా అమ్మ అలా లేవడం చూసేవాణ్ని.

ఇక కారు సంగతి. నా కుళ్లుకి అసలు పరీక్ష అదే.

మూడేళ్ల కిందట ఒక కాంట్రాక్టరు ఓడ మీద స్పోర్ట్స్ కారు తెప్పించాడు. పసుపు రంగు, ఎనిమిది సిలిండర్లు, నేలకి బెత్తెడు ఎత్తు. ఆయన తెలుగువాడే, మాట మాత్రం ముప్పాతిక హిందీ. కారుతో వచ్చిన ఎగ్జాస్ట్ మరీ మెత్తగా ఉందని, బయటి కంపెనీది మంచిది ఏరి వేయమని నా దగ్గరికొచ్చాడు. నా దగ్గరికే. పోర్ట్ బ్లెయిర్‌లో అలాంటి పని ఇంకొకటి వస్తుందా, రాదా! నేను మూడు వారాలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వీడియోలు విన్నాను. పైపు లావెంత, లోపల గదులెన్ని, బరువెంత, అన్నీ కాగితం మీద రాశాను. చివరికి మూడు మిగిలాయి. ఒకటి అడ్డేమీ లేని తిన్నటి స్టీలు పైపు. రెండోది స్టీలుదే, లోపల రెండు గదులు, ఒక వాల్వు. వాల్వు మూస్తే మెల్లగా, తెరిస్తే గట్టిగా పలుకుతుంది. మూడోది టైటానియం, సన్నటి రేకు, ఈకంత బరువు. వీడియోలో దాని అరుపు వింటే నా చేతిమీద వెంట్రుకలు లేచాయి. మూడోదాని పక్కన రెండు చుక్కలు పెట్టాను. రెండోదాని పక్కన "మామూలు వాళ్లకి" అని రాశాను.

కాంట్రాక్టరు విన్నాడు, మురిసిపోయాడు. "బస్, యహీ లేంగే. టైటానియమే" అన్నాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "ఆర్డర్ పెట్టే ముందు ఒక్కసారి హోప్ టౌన్ మిస్త్రీజీకి చూపిద్దాం. నా బోట్లన్నీ ఆయనే చూస్తాడు కదా" అన్నాడు.

నా చేతిలో టీకప్పు ఉంది. అది బల్ల మీద పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టడం నాకు చాలా కష్టమైంది.

ఆ కారుని వెహికల్ ఫెర్రీ ఎక్కించడం ఒక తతంగం. పొట్ట రాసుకుపోతుందని చెక్కలు పరిచారు. ఫెర్రీలో ఉన్నవాళ్లంతా ఫోన్లు తీశారు. ఆ ఫోటోల్లో నేను మొహం మాడ్చుకుని నిలబడి ఉంటాను.

మేస్త్రీ అప్పుడు ఏదో డుంగీ పైపు కోస్తున్నాడు. కాంట్రాక్టరు మాట్లాడుతూనే ఉన్నాడు, ఆయన తల ఊపుతూ కోస్తూనే ఉన్నాడు. తర్వాత దూది తీశాడు, పొట్లం కట్టాడు, "ఆఁ, ఇప్పుడు చెప్పండి" అన్నాడు. కాంట్రాక్టరు బుద్ధిగా మొదట్నుంచీ చెప్పాడు. మేస్త్రీ కారు స్టార్ట్ చేయమని, మొహం సముద్రంవైపు తిప్పుకుని కాసేపు విన్నాడు. నేను ముందుకెళ్లి నా ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను, మూడో నంబరు వీడియో.

"ఫోన్లో బాగుంది బాబూ" అన్నాడు. "ఫోన్లో అన్నీ బాగుంటాయి. దాని నోరు చిన్నది కదా, పైగొంతే పలుకుద్ది. ఈ బండి అసలు గొంతు కిందుంటది. అది ఫోన్లో రాదు."

"టైటానియం తుప్పు పట్టదు మేస్త్రీ. మన ఉప్పుగాలికి అదే కరెక్టు" అన్నాను, కాస్త గట్టిగానే.

"నిజమే. మంచి మాట చెప్పినావు. తుప్పు పట్టదు" అన్నాడు.

ఎదురు చెబుతాడని చూశాను. చెబితే నా దగ్గర ఇంకో పది పాయింట్లున్నాయి. ఒప్పేసుకున్న మనిషితో ఏం వాదిస్తాం? అప్పుడాయన కాంట్రాక్టరు వైపు తిరిగి, నేను అనుకున్నట్టే, "ఇంటికాడ ఎవరున్నారు?" అన్నాడు.

"మా ఆవిడ ఒక్కతే. ఔర్ కోయీ నహీ."

"ఆమెని తీసుకురండి ఒకసారి. ఆమె వినాల."

కాంట్రాక్టరు నవ్వాడు. "అరె మిస్త్రీజీ, దానికి ఈ కారంటేనే చిరాకు."

"అందుకే" అన్నాడు మేస్త్రీ.

ఆ మూడింటి కొలతలూ నన్ను అడిగి రాసుకున్నాడు. ఇవ్వక తప్పలేదు. రెండు వారాల్లో పాత లారీల సైలెన్సర్ డబ్బాలు, నల్ల పైపులు అతికి, మూడు నకళ్లు తయారుచేసి నా షాపుకి పంపాడు. అచ్చం అవే కావు, దగ్గర దగ్గర. క్లాంపులు బిగిస్తే చాలు, ఊడదీస్తే చాలు. ఒక్కొక్కటి బిగించి ఊరవతల చౌల్దారీ దాకా వెళ్లి రమ్మని, తలనొప్పి వస్తే చెప్పమని కబురు పెట్టాడు. మేం మూడు రోజులు తిరిగాం. మూడోది, నా రెండు చుక్కలది, బిగించిన రోజున ఊరు దాటకముందే కారులో ఒక హోరు మొదలైంది. మా రోడ్ల మీద రెండో గేరు, మూడో గేరు, అంతకు మించి పోయేదెక్కడ? ఆ వేగం దగ్గరే ఆ పైపుకి పూనకం. వీడియోల్లో వాళ్లు ఖాళీ రోడ్ల మీద దూసుకుపోతారు, అక్కడ బాగానే ఉంటుంది. చౌల్దారీలో కాంట్రాక్టరు కారు ఆపి, కిళ్లీకొట్టులో తలనొప్పి మాత్ర కొనుక్కుని మింగాడు.

"సర్ ఫట్ రహా హై యార్" అన్నాడు.

"అలవాటైపోతుంది భయ్యా" అన్నాను. అబద్ధమని నాకు తెలుసు. నాకూ నొప్పిగానే ఉంది.

ఆ ఆదివారం ఆయన భార్య వచ్చింది. చర్చి అయ్యాక మేస్త్రీ తెల్లచొక్కాతోనే షెడ్డు తెరిచి, ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఆమెని రోడ్డుకి వీపు పెట్టి కూర్చోబెట్టాడు. నేను పైపు మారుస్తాను, కాంట్రాక్టరు కారుని మలుపు దాకా తీసుకెళ్లి వెనక్కి తెస్తాడు. ప్రతిసారీ మేస్త్రీ ఆమెని అడిగింది చప్పుడు ఎలా ఉందని కాదు.

"ఇంటికి వస్తన్నది ఎవరమ్మా?" అని అడిగాడు.

మొదటిదానికి ఆమె, "ఎవరో తాగినోడు" అంది.

తర్వాత నా టైటానియం నకలు బిగించాను. "ఎవరో కుర్రాడు. మా ఇంటికి కాదు, ముందుకి పోతాడు" అంది.

ఆఖర్న "మామూలు వాళ్లకి" అని నేను రాసింది బిగించాను. కారు వచ్చి ఆగింది. ఆమె కుర్చీలోంచి సగం లేచింది. తర్వాత, "ఈయనే" అంది. "ఇలా వస్తే పెట్రోల్ బంకు మలుపులోనే తెలిసిపోతుంది నాకు. టీవీ కట్టేసుకోవచ్చు. పక్కింటివాళ్లకి తెలీకపోతే చాలు."

"నేనొస్తే టీవీ ఎందుకు కట్టెయ్యడం?" అన్నాడు కాంట్రాక్టరు కిటికీలోంచి. ఆమె కిసుక్కున నవ్వింది. కారు కొన్నాక ఆ కారు దగ్గర ఆమె నవ్వడం అదే మొదటిసారని కాంట్రాక్టరు తర్వాత నాకు చెప్పాడు. దారిపొడుగునా అదే చెప్పాడు. నేను కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నాను.

ఆ రెండో నంబరుదే ఓడ మీద వచ్చింది, నేనే బిగించాను. కాంట్రాక్టరు వాల్వు ఊరి బయట తెరుస్తాడు, బంకు దగ్గర మూస్తాడు. వెనక అద్దం మీద నా షాపు స్టిక్కర్ అంటించాను. ఆ తర్వాత ఆరు నెలలు నాకు పండగ. ఏం సెలెక్షన్ భయ్యా, ఏం చెవి నీది అని మెచ్చుకోని కుర్రాడు లేడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ని. కాదని ఒక్కడితో అనలేదు. అనాలని కూడా అనిపించలేదు, అది నిజం.

ఒకరోజు జెట్టీలో ఫెర్రీ కోసం వరసలో ఉన్నాను. ముందు మేస్త్రీ, సైకిల్ పట్టుకుని. ఎవరో ఆయన్ని అడిగారు, ఆ పసుపు కారు సైలెన్సర్ మీరే ఏరారట కదా అని. నేను ముందుకి వంగి విన్నాను.

"ఆ డిగ్నాబాద్ బాబు తెప్పించినాడు" అన్నాడు మేస్త్రీ. "వాడి లిస్టులోదే అది."

ప్రతి మాటా నిజం. నా పరువు తీయడానికి ఆయనకి ఒక్క వాక్యం చాలు, తీయలేదు. తీసి ఉంటే ఎంత బాగుండేదో! తగాదా పెట్టుకునేవాణ్ని, నాలుగు మాటలనేవాణ్ని, మనసు తేలికపడేది. వెనక్కి తిరిగి నన్ను చూసి, నేను విన్నానని తెలిసి, "ఏం బాబూ, ఇంటికాడ ఎవరున్నారు?" అన్నాడు.

"మీకు తెలీదా? అమ్మా నాన్నా" అన్నాను విసురుగా.

"ఉండాల, ఉండాల" అంటూ సైకిల్ నడిపించుకుని ఫెర్రీ ఎక్కాడు. ఆయన ఇంట్లో ఎవరూ లేరు. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. జాలి పడదామని చూశాను గానీ కుదర్లేదు. మనసంతా కుళ్లే ఉంటే జాలి ఎక్కడ కూర్చుంటుంది?

నాలుగు నెలల కింద పోయాడు. సమాధి చేసేరోజు నేను వెళ్లలేదు. ఫెర్రీ తప్పిపోయిందని అమ్మకి చెప్పాను. జెట్టీలో కూర్చుని రెండు ఫెర్రీలు వదిలేశాను. అమ్మ వెళ్లింది. పాట ఎవరో బాగా పైకి ఎత్తుకున్నారట. సగంలోనే వెనకున్న ముసలమ్మలకి అందక ఆగిపోయారట. "ముందునున్న నలుగురే పాడినారురా" అంది అమ్మ ఫోన్లో.

ఇదంతా నాన్న స్టూలు మీద కూర్చుని టీ తాగుతుంటే నా తలలో తిరిగింది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఆ పసుపు కారు వెళ్లింది. నాన్న తల తిప్పకుండానే, "మేస్త్రీది" అన్నాడు.

"నేను తెప్పించింది నాన్నా అది."

"తెప్పించినావు. ఏరింది ఆయన." గ్లాసు బల్ల మీద పెట్టి, తుప్పు సైలెన్సర్‌ని తిప్పి, మూతి దగ్గర వేలు పెట్టి చూపించాడు. ఆకురాయితో గీసిన సన్నటి గీతలున్నాయి. "ఏడుసార్లు కోసినాడు దీన్ని. మీ అమ్మని ఒడ్డున కూకోబెట్టి, నన్ను అటూ ఇటూ తిప్పి. ఇదేనా, ఇదేనా అని. ఏడోసారికి మీ అమ్మ తలూపింది."

నాకు ఎవరూ చెప్పలేదు ఈ సంగతి. నేను అడగనూ లేదు. ఇన్నాళ్లూ నేను కుళ్లుకున్న ఆ చెవి మేస్త్రీది కాదు. మా అమ్మది.

అది విన్నాకైనా బుద్ధి రావాలి కదా. రాలేదు. ఆయన గీతలే కొలతలు నాకు, ఇంకెవర్నీ అడగక్కర్లేదనుకున్నాను. పాతదాన్ని నిలువునా కోసి, పొడవు, లావు, లోపలి అడ్డురేకులు, అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా దింపాను. మేస్త్రీ కూడా అంత శుభ్రంగా వెల్డింగు చేయలేడు. ఆదివారం నాన్న డుంగీకి బిగించి, ఇంట్లో కూర్చుని మూడెప్పుడవుతుందా అని గడియారం చూస్తున్నాను. అమ్మ గడప దగ్గర చేపలు తోముతోంది.

డుంగీ మలుపు తిరిగింది. నాకు తెలిసింది, నా చేతిపని కదా. అమ్మ చేపలు తోముతూనే ఉంది. పడవ లాగిన చప్పుడు, వల దులిపిన చప్పుడు. నాన్న మెట్లెక్కి వచ్చి నిలబడ్డాడు. అమ్మ ఉలిక్కిపడింది.

"ఏటి, ఎప్పుడొచ్చీసినావు?"

నాన్న స్టవ్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. ఇన్నేళ్లలో ఆయన టీ కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి.

నా తప్పు తర్వాత తెలిసింది. నేను దింపింది మేస్త్రీ కట్టిన రోజు నాటి సైలెన్సర్. అమ్మకి తెలిసింది అది కాదు. ఏటేటా కొంచెం తుప్పు, కొంచెం మసి, కొంచెం చిల్లు, గొంతు మారుతూ వచ్చింది. రోజూ వింటూ అమ్మ కూడా దాంతో మారుతూ వచ్చింది. ఇనుము నకలు తీయగలను, అన్నేళ్ల ఆ మార్పుని నకలు తీయడం నా వల్ల కాదు.

తర్వాతి ఆదివారం అమ్మని ఒడ్డున కూర్చోబెట్టాను. నాన్న అటూ ఇటూ తిప్పాడు. నేను మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, గీత గీసి, కోసి, "ఇదేనా అమ్మా?" అని అడిగాను. కాదంది. మళ్లీ కోశాను. కాదంది. ఆరోసారి నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఎంత బతిమాలే గొంతుతో అడిగానంటే, వేరే ఏ తల్లయినా అబద్ధమాడేది.

"ఇదీ కాదురా" అంది మా అమ్మ. "మేస్త్రీది అలగ కాదు. అది మరి రాదు." కాసేపు నాన్న డుంగీ తిరగడం చూసింది. "ఇది బాగుంది. ఇది ఉంచీ. నేర్చీసుకుంటాను."

మొదటి మూడు రోజులు ఇంకెవరిదో డుంగీకి లేచి టీ పెట్టేసిందట, పొంగిపోయిందట. తర్వాత నాలుగు రోజులు అసలు లేవలేదట. నేను రోజూ మూడింటికి షాపులో పని ఆపి ఫోన్ చేస్తున్నాను. పదో రోజున ఉండబట్టలేక అడిగాను.

"మేస్త్రీ కట్టినప్పుడు నీకు తెలియడానికి ఎన్నాళ్లు పట్టిందమ్మా?"

"ఆయనదా? మర్నాడే తెలిసిపోనాది."

అడగకుండా ఉండాల్సింది. పది రోజులు నాకు, ఒక్క రోజు ఆయనకి. మట్టిలో కలిసిన మనిషి మీద ఇంత కుళ్లేమిటని నన్ను నేను తిట్టుకుంటూ, చేపల రేటు ఎలా ఉందని అడిగాను. అమ్మ ఏదో చెప్పబోయి ఆగింది.

"ఉండు. మీ నాన్న వచ్చీస్తన్నాడు."

ఫోన్లో నాకేమీ వినబడలేదు. ఫోన్ నోరు చిన్నది కదా. అమ్మ ఫోన్ గట్టు మీద పెట్టేసినట్టుంది, కట్ చేయలేదు. గిన్నె చప్పుడు. నీళ్లు పోసిన చప్పుడు. స్టవ్ లైటర్ రెండుసార్లు టక్కుమని, మూడోసారికి అంటుకుంది. ఆ మంట చప్పుడు వింటూ షాపు మధ్యలో నిలబడిపోయాను. ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకుని మీసం మెలేయాలనిపించింది. ఎవరితో అని వెతుక్కుంటే ఒక్కడే కనబడ్డాడు. మేస్త్రీ లేడు కదా.